416 పోస్తే 17 వేలు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా కళ్లాల్లో పసుపు పాలిష్ డ్రమ్ములు తిరుగుతుంటాయి. ఉడికి, ఎండి, గట్టిపడ్డ కొమ్ములు లోపల ఒకదాన్నొకటి రాసుకుని పైపొట్టు రాలిపోతుంది. కాసేపటికే డ్రమ్ము కింది నేల, పక్కన నిలబడ్డ మనిషి కనుబొమలు పచ్చబడతాయి. ఎంత గట్టిగా కొట్టుకున్నా ఆ డ్రమ్ములో ఒక లెక్క మాత్రం తప్పదు. కొమ్ము, గోళ, చూర, పొట్టు, గాలికి లేచిన దుమ్ము అన్నీ కలిపి తూస్తే లోపల పోసిన బరువే వస్తుంది.

ఈ లెక్క తప్పే చోటు ఒకటుంది. సీసం కేంద్రకంలో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, మొత్తం 208 కణాలు. అలాంటి రెండు కేంద్రకాలను దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా గుద్దిస్తే లోపలికి పోయినవి 416. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో 2010 నవంబరులో ఆ పని చేసినప్పుడు, నిండుగా తగిలిన ఢీల్లో బయటికొచ్చిన విద్యుదావేశ కణాలే దాదాపు 17 వేలు. వీటిలో చాలా మటుకు అంతకు ముందు లేనివే. తాకిడి శక్తే ద్రవ్యరాశిగా మారి అప్పటికప్పుడు పుట్టించిన కణాలివి, ఎక్కువగా పయాన్లనే తేలిక కణాలు. ఏ కణాలు, ఎన్ని, ఎందుకు పుడతాయని లెక్కగట్టే ఈ శాస్త్రం యంత్రాల కన్నా ముందు ఆకాశంలో మొదలైంది. ఆ ఆకాశంలో మన తెలంగాణ వాటా కూడా ఉంది.

1948లో అమెరికాలోని మిన్నెసోటా, రోచెస్టర్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు బెలూన్లకు ఫొటోగ్రాఫిక్ ఎమల్షన్ ప్లేట్లు కట్టి పైకి పంపారు. దిగొచ్చిన ప్లేట్లను కడిగి చూస్తే కాస్మిక్ కిరణాల్లో ప్రోటాన్లతో పాటు బరువైన కేంద్రకాలు కూడా వస్తున్నాయని తేలింది. ఆ బృందంలో ఫిలిస్ ఫ్రైయర్ ఉన్నారు, బెర్నార్డ్ పీటర్స్ ఉన్నారు. పీటర్స్ మీద అమెరికాలో కమ్యూనిస్టన్న అనుమానం పడింది. అక్కడ నిలవలేక ఆయన 1951లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు వచ్చి, ఎమల్షన్ విద్యను ఇక్కడి కుర్రవాళ్లకు నేర్పారు.

ఆ సంస్థ బెలూన్లకు హైదరాబాద్ దొరికింది. భూమి అయస్కాంత మధ్యరేఖ ఇక్కడికి దగ్గర. అందువల్ల భూమి అయస్కాంత క్షేత్రం ఈ ఆకాశం మీద జల్లెడలా పని చేస్తుంది: సుమారు 17 గిగావోల్టుల కంటే తక్కువ సత్తువ ఉన్న కణాలను పక్కకు తోసేస్తుంది, బలమైనవే కిందికి దిగుతాయి. చూర రాలిపోయి కొమ్ము మిగిలినట్టు. 1960ల్లో ఇక్కడి నుంచి ఎగిరిన ఎమల్షన్లలోనే ఆర్. ఆర్. డేనియల్, ఎస్. ఎ. స్టీఫెన్స్ కాస్మిక్ ఎలక్ట్రాన్లను వెతికి పట్టారు. 1969లో బెలూన్ కేంద్రం హైదరాబాద్‌లో శాశ్వతంగా వెలిసింది. పైకెళ్లిన పరికరాలు ప్యారాచూట్‌తో ఏ పొలంలోనైనా దిగవచ్చు. 2022 డిసెంబరులో ఈ కేంద్రం ఎగరేసిన గుండ్రటి డబ్బా ఒకటి వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగితే, అదేమిటోనని జనం గుంపులుగా పోయి చూశారు.

ఎమల్షన్ ప్లేటును మైక్రోస్కోపు కింద ఊహించుకోండి. బరువైన కేంద్రకం దూసుకుపోయిన దారి నల్లని చుక్కల వరుసగా కనిపిస్తుంది. ఆవేశం రెట్టింపైతే ఆ గీత నాలుగింతలు చిక్కనవుతుంది. అట్లా పోతూ పోతూ ఒకచోట వెండి కేంద్రకానికో బ్రోమిన్ కేంద్రకానికో తగిలి, అక్కడి నుంచి చీపురు పుల్లల్లా సన్నని గీతలు విచ్చుకుంటాయి. ఒక్కో పుల్లను కంటితో లెక్కపెట్టాలి. చాలా ప్రయోగశాలల్లో ఈ పని ఆడవాళ్లే చేశారు, రోజంతా మైక్రోస్కోపు మీదికి వంగి. ఈ శాస్త్రపు తొలి అంకెలన్నీ ఆ కళ్లు ఇచ్చినవే. వాళ్ల పేర్లు పుస్తకాలకు ఎక్కకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అన్ని పుల్లలు ఎందుకు వస్తాయి? 1950లో భౌతిక శాస్త్రవేత్త ఫెర్మి ఒక జవాబిచ్చారు: చిన్న చోట అంత శక్తి ఇరుక్కుంటే అది గణాంక సూత్రాల ప్రకారం కణాలుగా పంచుకుంటుంది. 1953లో లాండౌ దాన్ని ద్రవంలా పారించారు. నాకు బాగా నచ్చిన మాట మాత్రం 1965లో సెర్న్‌లో హేగడార్న్ చెప్పింది. పసుపు ఉడికించే కడాయి చూసిన వాళ్లకు అది వెంటనే అందుతుంది. నీళ్లు మరగడం మొదలయ్యాక కింద ఎన్ని కట్టెలు ఎగదోసినా వేడి 100 డిగ్రీలు దాటదు, అదనపు మంటంతా ఆవిరికే పోతుంది. కేంద్రక ద్రవ్యంలోనూ అంతేనన్నారు హేగడార్న్. ఒక హద్దుకు చేరాక మీరెంత శక్తి పోసినా ఉష్ణోగ్రత పెరగదు, ఆ శక్తి కొత్త కణాలను పుట్టించడానికే ఖర్చవుతుంది. ఆ హద్దు దాదాపు 1.8 లక్షల కోట్ల డిగ్రీలు. 1975లో కబిబ్బో, పరిసి ఇంకో మెట్టు ఎక్కి, అది హద్దు కాదు, నీరు ఆవిరయ్యే లాంటి మార్పు అన్నారు. దాన్ని దాటితే ప్రోటాన్ల గోడలు కరిగి, వాటి లోపలుండే క్వార్కులు, గ్లువాన్లు విడిగా తిరుగుతాయి.

ఆ మార్పును చూడాలంటే ఆకాశం రాల్చే దాని కోసం కాచుకుంటే కుదరదు. 1974లో బర్క్‌లీలో రెండు యంత్రాలను కలిపి, బరువైన కేంద్రకాలను పరుగెత్తించే బెవలాక్ చేశారు. ఆకాశం మాత్రం వదల్లేదు. జపాన్, అమెరికా కలిసి ఎగరేసిన ఎమల్షన్‌లో ఒక సిలికాన్ కేంద్రకం ఒకే తాకిడిలో వెయ్యికి పైగా కణాలను పుట్టించిందని 1983లో ప్రకటించారు. ఆ ఒక్క చిత్రం ఎంతోమందికి ధైర్యమిచ్చింది. 1986లో సెర్న్ ఆక్సిజన్ కేంద్రకాలతో మొదలుపెట్టి, 1994కి సీసానికి వచ్చింది. 2000లో బ్రూక్‌హేవెన్‌లో బంగారాన్ని బంగారంతో ఢీకొట్టే యంత్రం తిరిగింది. ఆవిరిలా చెదిరిపోతుందనుకున్న ఆ క్వార్కుల ద్రవ్యం దాదాపు జిగటే లేని ద్రవంలా పారుతోందని 2005లో చెప్పారు.

ఈ లెక్కింపులో మనవాళ్ల చేయి గట్టిది. కోల్‌కతాలోని సైక్లోట్రాన్ కేంద్రం ముందుండి, జమ్మూ, చండీగఢ్, జైపూర్, భువనేశ్వర్ బృందాలతో కలిసి ఫోటాన్లను లెక్కించే పరికరం కట్టింది. తటస్థ పయాన్ పుట్టిన వెంటనే రెండు ఫోటాన్లుగా విడిపోతుంది కాబట్టి, ఫోటాన్లను లెక్కపెడితే ఆ పయాన్లు దొరికినట్టే. సీసం పలకల వెనక తేనెపట్టు గదుల్లాంటి వేలాది గదుల్లో వాయువు నింపి చేసిన ఆ పరికరాన్ని బ్రూక్‌హేవెన్‌లోనూ సెర్న్‌లోనూ పెట్టారు. సెర్న్‌కు కావలసిన మానస్ అనే చిప్‌ను చండీగఢ్ పక్కన మొహాలీలో తయారుచేశారు.

2025 జులైలో సెర్న్ తన పెద్ద యంత్రంతో మళ్లీ ఆక్సిజన్ దగ్గరికి వచ్చింది. ఆక్సిజన్‌ను ఆక్సిజన్‌తో ఢీకొట్టింది. 16 కణాల చిన్న కేంద్రకంలోనూ ఆ ద్రవపు బొట్టు పుడుతుందా అన్నది ఒక ప్రశ్న. రెండోది పాతదే: పైనుంచి వచ్చే కాస్మిక్ కణం ముందుగా తగిలేది గాలిలోని నైట్రోజన్‌కో ఆక్సిజన్‌కో కదా, ఆ మొదటి దెబ్బకు ఎన్ని కణాలు పుడతాయి? హైదరాబాద్ బెలూన్లు ఎగిరిన గాలిలో అది ఇప్పటికీ ప్రతి క్షణం జరుగుతూనే ఉంది.