డిడ్స్‌బరీ నుండి బ్రిస్టలు వరకు: ఒక మెథడిస్టు వేదాంత కళాశాల చరిత్ర

ఒక విద్యాసంస్థ మూతపడునప్పుడు విచారింపదగినది, అది ఏ యవసరమునకై పుట్టినది, ఆ యవసరము తీరినదా యనునది. ఇంగ్లాండునందు 2012లో మూతపడిన బ్రిస్టలు వెస్లీ కళాశాల చరిత్రను ఈ దృష్టితో పరిశీలింతుము.

జాన్ వెస్లీ (1703–1791) తన బోధకులకు వేదాంత కళాశాల నేర్పఱుపలేదు. చదువుకొనుడని గ్రంథములను చౌకగా అచ్చొత్తించి యిచ్చెను. 1834లో మెథడిస్టు మహాసభ బోధక శిక్షణాలయమును స్థాపింప నిశ్చయింపగా శామ్యూల్ వారెన్ తీవ్రముగ ప్రతిఘటించెను. జాబెజ్ బంటింగు చేత అధికారము పోగుపడునని యాతని భయము. చదువు భక్త్యావేశమును చల్లార్చునని మఱికొందఱి శంక. వారెన్ బహిష్కృతుడయ్యెను, సంఘము చీలెను. అయినను 1842లో మాంచెస్టరు చెంత డిడ్స్‌బరీయందును, 1843లో లండను చెంత రిచ్‌మండునందును, 1868లో లీడ్సు చెంత హెడింగ్లీయందును కళాశాలలు వెలసెను. చీలిపోయినవారి వారసులును తుదకు మాంచెస్టరులో కళాశాల పెట్టుకొనుట గమనింపదగినది.

1932లో మూడు మెథడిస్టు సంఘములు ఏకము కాగా వాని కళాశాలలన్నియు ఒక్క సంఘముపై బడెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము డిడ్స్‌బరీ కళాశాల బ్రిస్టలునకు తరలెను. 1967లో హెడింగ్లీ దానితో కలిసి వెస్లీ కళాశాల యయ్యెను. రిచ్‌మండు 1972లో మూతపడెను.

1834లో వారు బోధకునికి కళాశాల యేల యని ప్రశ్నించిరి. తరువాతివారు ఎన్ని కళాశాలలు చాలునని లెక్కించిరి. లెక్కయు అవసరమే. కాని కలిసి నివసించుచు సాగు అధ్యయనమునకు, తరతరములుగా కూర్చిన గ్రంథాలయమునకు ఆ లెక్కలో స్థానము లేదు. కావున మూతకు ముందు మొదటి ప్రశ్నను మరల వేయుట యుక్తమని మా యభిప్రాయము.