బొగ్గు బస్సూ, ఊదుగొట్టమూ

మొన్న సంక్రాంతికి మా తమ్ముడి కొడుకు ఓ పాత మెటాడోర్ వ్యాను కొనుక్కొచ్చి అనంతపురంలో మా ఇంటి ముందు నిలబెట్టాడు. రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగిపోయాయి, తలుపు తీస్తే చప్పుడు వీధి చివరిదాకా వినపడుతుంది. దాన్ని బాగుచేయించి, లోపల పడకా, చిన్న స్టవ్వూ అమర్చి, ఇంటిల్లిపాదినీ లేపాక్షి, హంపి, గండికోట తిప్పుతాడట. అంతవరకూ బాగానే ఉంది.

"పాత ఇంజను పీకేసి టర్బో ఇంజను పెట్టిస్తాండా అత్తా. ఎంత మెరకైనా సరే, ఎగిరి పోతాది చూడు" అన్నాడు.

టర్బో అంటే ఏమిట్రా అని అడిగాను. అరగంట చెప్పాడు. నాకు అర్థమైంది మాత్రం వంటింటి భాషలోనే. కట్టెల పొయ్యి రాజుకోకపోతే మనం ఏం చేసేవాళ్ళం? ఊదుగొట్టం తీసుకుని ఊదేవాళ్ళం. గాలి ఎక్కువ తగిలితే మంట ఎక్కువ. ఇంజనూ అంతేనట. లోపలికి గాలి ఎక్కువ తోస్తే నూనె కూడా ఎక్కువ మండించుకోవచ్చు, బలం పెరుగుతుంది. మరి ఊదేదెవరు? ఇంజను వదిలే పొగే! ఆ పొగ వేగానికి ఓ చిన్న చక్రం తిరుగుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని లోపలికి తోస్తుంది. అంటే తన పొగతో తనే ఊదుకునే పొయ్యి అన్నమాట. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. అమ్మకానికి పెట్టిన కార్లలోకి ఇది రావడానికి 1962 దాకా పట్టింది, అదీ అమెరికాలో. ఇక 2019లో మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా వాళ్ళు కార్లు చెయ్యడం మొదలుపెట్టాక, టర్బో ఇంజన్ల బళ్ళు మన కరువు నేల మీదే తయారై బయటికొస్తున్నాయి.

వాడు చెబుతుంటే నాకు మా అమ్మ చెప్పిన బొగ్గు బస్సు గుర్తొచ్చింది. ఈ కాలం పిల్లలకి ఆ పేరే తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. 1942లో జపాను వాళ్ళు బర్మాను పట్టుకున్నారు. అక్కడి నూనె బావులు చేజారిపోయాయి. ఉన్న పెట్రోలు సైన్యానికే చాలదాయె, మామూలు బస్సులకెక్కణ్ణించి వస్తుంది? బస్సులు ఆపేస్తే ఊళ్ళకి ఊళ్ళు తెగిపోతాయి. అంచేత పెట్రోలు బస్సులకే బొగ్గు పొయ్యిలు తగిలించారు. మన దేశంలోనే కాదు, జర్మనీ, ఫ్రాన్సు, స్వీడన్ వాళ్ళకీ ఇదే గతి పట్టింది. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా. అందులో బొగ్గులు పోసి నిప్పు రాజేసి, చేత్తో చక్రం తిప్పి గాలి ఊదేవారు. బొగ్గు పూర్తిగా మండకుండా గాలి తక్కువగా ఇస్తే ఒక గ్యాసు పుడుతుంది. దాన్ని చల్లార్చి, మసి వడగట్టి ఇంజనుకి అందిస్తే బస్సు నడిచేది. రంగూ వాసనా లేని ఆ కార్బన్ మోనాక్సైడు మనిషి ప్రాణం తీసే విషం కూడా! పైగా ఇంజను బలంలో మూడో వంతో, అంతకన్నా ఎక్కువో తగ్గిపోయేది. చదును నేల మీద సరే, మెరక వచ్చిందంటే జనం దిగి నెట్టవలసిందే.

1943లో మా పెద్దక్క కడుపులో ఉండగా అమ్మకి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. కళ్యాణదుర్గం నుంచి అనంతపురం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బొగ్గు బస్సు తప్ప దిక్కు లేదు. తెల్లవారుజామున పొయ్యి రాజేసి, గ్యాసు అందేదాకా అమ్మని చింతచెట్టు కింద చాప మీద పడుకోబెట్టారట. దారిలో ఒక మెరక దగ్గర బస్సు ఆగిపోయింది. అందరూ దిగారు, నెట్టారు. కదల్లేదు. మసి పట్టిన జల్లెడ దులిపారు, మళ్ళీ చక్రం తిప్పారు. ఊహూఁ. మా అవ్వ ఏడుపు లంకించుకుంది.

అప్పుడు డ్రైవరు తన సీటు కింది గుడ్డమూటలోంచి ఓ సీసా తీశాడట. అందులో పెట్రోలు! ఎంత ఇబ్బందిలోనూ ముట్టుకోకుండా దాచుకున్నది. "ఏడవగాకమ్మా, ఇది ఇట్లాంటి దానికే" అని ఇంజనుకి పోశాడు. ఆ సీసాడు నూనెతో బస్సు మెరక ఎక్కింది. దిగుడులో తనంతట తనే జారింది. ఆ సాయంత్రం పెద్దక్క పుట్టింది. డ్రైవరు పేరు అమ్మకి తెలియదు. ఆ సీసా మాత్రం చనిపోయేదాకా మరిచిపోలేదు.

ఈ కథ విని మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే ఓ సంగతి చెప్పాడు. ఈ మెటాడోర్ వంశం జర్మనీలో 1949లో మొదలైందట. అప్పట్లో దానికి సొంత ఇంజనే లేదు. ఫోక్స్‌వాగన్ కారుకి పెట్టే 25 అశ్వశక్తి ఇంజను అరువు తెచ్చి పెట్టారు. 1952లో ఆ సరఫరా ఆగిపోతే వేరేవాళ్ళ ఇంజన్లు వెతుక్కున్నారు. మన దేశానికి 1969లో డీజిలు బండిగా వచ్చింది. "చూశావా అత్తా, దీనికి గుండెలు మార్చుకునేది పుట్టుకతోనే అలవాటు" అని నవ్వాడు.

నేనూ నవ్వాను గానీ ఒక మాట అడిగాను. "బలం పెరుగుతుంది సరే, ఆగడం ఎట్లారా?"

వాడి నవ్వు ఆగింది. ఎందుకంటే బొగ్గు బస్సులో బలం తగ్గింది, బ్రేకులకి కొత్త పని పడలేదు. ఇక్కడ బలం పెరుగుతోంది. పాత బ్రేకులు, పాత గేరుపెట్టె, పాత రేడియేటరు దాన్ని తట్టుకోవాలి. టర్బో ఇంజనుకి వేడి ఎక్కువ, మన ఎండలు చెప్పనే అక్కర్లేదు. ఎర్ర దుమ్ము లోపలికి పోకుండా గాలి జల్లెడ సరిగా ఉండాలి. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఇష్టం వచ్చినట్టు ఇంజను మార్చడం కుదరదు. వంటింట్లో పెద్ద మంట పెట్టాలంటే ముందు గిన్నె అడుగు చూసుకోమా?

ఇప్పుడు వ్యాను షెడ్డులో ఉంది. మావాడు ఇంజను మాట పక్కనబెట్టి బ్రేకులు, రేడియేటరు విప్పించాడు. రవాణా ఆఫీసుకెళ్ళి అనుమతి సంగతీ కనుక్కుంటున్నాడు. టర్బో వస్తుందో రాదో చూడాలి.

వచ్చినా రాకపోయినా, సీటు కింద ఒక గుడ్డమూటకి చోటు ఉంచమన్నాను. అందులో పెట్రోలు కాదు, మంచినీళ్ళ సీసాలు, మందుల డబ్బా పెడతాను. దారిలో ఎవరికి ఏ మెరక అడ్డొస్తుందో!