దాచి ధరించే చిన్న తుపాకులు (విజయవాడ, కృష్ణా డెల్టా)

ఆత్మరక్షణ కోసం నడుముకు కట్టుకుని, పైన చొక్కానో కోటో కప్పుకుని వెంట తీసుకెళ్లగలిగే పొట్టి రివాల్వర్లు, పిస్టళ్లను దాచి ధరించే చిన్న తుపాకులు అంటారు. అమెరికాలో ఇలా దాచి ధరించడాన్ని ఒక హక్కుగా చర్చిస్తారు. మన దేశంలో అది విధి: లైసెన్సు ఉన్న ఆయుధమైనా నలుగురిలోకి వచ్చినప్పుడు కప్పి ఉండాల్సిందే. అందుకే కృష్ణా డెల్టాలో ఈ ఆయుధాల చరిత్ర చాలావరకు లైసెన్సుల చరిత్రే.

పుట్టుక

శామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వర్‌కు పేటెంట్ పొందాడు. జేబులో పట్టే తుపాకీకి ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ పేరు మారుపేరైంది. 1865 ఏప్రిల్ 14న అబ్రహాం లింకన్‌పై పేలింది అలాంటి ఆయుధమే. 1857లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ లోహపు తూటా వాడే చిన్న రివాల్వర్‌ను తెచ్చింది. అదే కంపెనీ 1896లో రూపొందించిన పాయింట్ 32 లాంగ్ తూటాయే తర్వాతి కాలంలో భారతీయ పౌర రివాల్వర్లకు ఆధారమైంది. జాన్ బ్రౌనింగ్ రూపకల్పనలు 1900 ప్రాంతంలో జేబు పిస్టళ్లకు దారి తీశాయి.

వలస పాలనలో

1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టారు. 1759లో ఫ్రెంచివారి నుంచి అక్కడి బందరు కోటను గెలుచుకున్నారు. ఆ పట్టు బిగిశాక జనం చేతిలోని ఆయుధంపై ఆంక్షలూ బిగిశాయి. వైస్రాయ్ లిట్టన్ హయాంలో వచ్చిన 1878 ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి, యూరోపియన్లను మినహాయించింది. ఒకే ఊళ్లో ఒకరికి అనుమతి, మరొకరికి అనుమానం అన్న ఈ తేడా జాతీయోద్యమాన్ని నొప్పించింది.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడి చేసి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పట్టుకుపోయింది. అవి పోలీసుల పొడవాటి తుపాకులు. జనం చేతిలో ఆయుధం లేని రోజుల్లో అది దొరికే చోటు ఠాణాయేనని ఆ దాడులు చెబుతాయి. అంతకు ముందటి ఏడాది బెజవాడలో (నేటి విజయవాడ) సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఎంచుకున్న దారి వేరు: కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు. అహింసను నమ్మిన ఆ కాంగ్రెసే 1931 కరాచీ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడాన్ని పౌర హక్కుల్లో చేర్చింది.

స్వతంత్ర భారతంలో

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. జాతి భేదం లేకుండా అందరికీ లైసెన్సు షరతు వర్తించింది. ఆయుధాలు నిషిద్ధ బోరు, నిషిద్ధం కాని బోరు అని రెండుగా విడిపోయాయి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరుడికి అందదు. అందుకే ఇక్కడి లైసెన్సుదారులకు చిన్న తుపాకీ అంటే ఎక్కువగా పాయింట్ 32.

ఇండియన్ ఆర్డ్‌నెన్స్ కర్మాగారాల పాయింట్ 32 రివాల్వర్ పాత వెబ్లీ నమూనాను అనుసరించింది. దాన్ని నడిమికి విరిచి ఆరు తూటాలు నింపుతారు. పిస్టల్ కోరుకునేవారికి అశని వచ్చింది. 2014లో కాన్పూరు నుంచి విడుదలైన నిర్భీక్ రివాల్వర్ బరువు 500 గ్రాములు, అప్పటి ధర రూ.1,22,360. మహిళల కోసమని ప్రచారం పొందినా, ఆ ధరకు ఎంతమంది మహిళలు కొనగలరన్న ప్రశ్న న్యాయమైనదే. 2023 ఆగస్టులో వచ్చిన మరో రివాల్వర్ ప్రబల్‌లో తూటాల చక్రం పక్కకు తెరుచుకుంటుంది. దాని గొట్టం 76 మిల్లీమీటర్లు.

ఎంపిక, సాధన

చిన్న తుపాకీ మోయడానికి తేలిక, గురిగా కాల్చడానికి కష్టం. అదే తూటాను తేలికపాటి ఆయుధంలో పేలిస్తే చేతికి తగిలే తోపు ఎక్కువవుతుంది. ముందు గురికీ వెనుక గురికీ మధ్య దూరం తక్కువ కాబట్టి చేతిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా లక్ష్యం దగ్గర జానెడు తప్పుతుంది. సుత్తిని ముందే లాగని రివాల్వర్‌లో ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, ఆ లాగుడుకే గొట్టం పక్కకు జరుగుతుంది. అరచేతికి అమరే పిడి, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర, రేంజిలో క్రమం తప్పని సాధన ధర కన్నా ముఖ్యం. కాల్చే క్షణం వరకు వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. ఖాళీ అనుకున్న తుపాకీనీ నిండినదిగానే చూడాలి. ఇంట్లో పిల్లల చేతికి అందనివ్వకూడదు.

నేటి నిబంధనలు

2016 ఆయుధ నియమాలు దరఖాస్తుదారుకు భద్రతా శిక్షణను తప్పనిసరి చేశాయి. బహిరంగ స్థలంలో తుపాకీ ఒరలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, ధరించినవారి అదుపులో ఉండాలి. దాన్ని చూపించి బెదిరించకూడదు. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగ్గ తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పెళ్లి ఊరేగింపుల్లో సంబరానికి కాల్చడాన్ని నేరంగా చేర్చింది. విజయవాడలో లైసెన్సు పోలీసు కమిషనర్ ఇస్తారు, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్ ఇస్తారు. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీసు స్టేషన్లలో డిపాజిట్ అవుతాయి. ఆత్మరక్షణ హక్కును 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత నిర్దేశిస్తోంది. అవసరానికి మించిన హాని చేసినవారికి అది రక్షణ ఇవ్వదు.

సంప్రదాయంలో

విజయవాడ పేరును అర్జునుడి బిరుదైన విజయుడితో ముడిపెడతారు. ఇంద్రకీలాద్రిపై తపస్సు చేసి అతడు పాశుపతాస్త్రం పొందాడని స్థల పురాణం. అల్పబలుడిపై తొందరపడి దాన్ని ప్రయోగించవద్దన్న హెచ్చరికతోనే శివుడు ఆ అస్త్రాన్ని ఇచ్చాడని మహాభారతం చెబుతుంది. కొండ కింద ఏటా దసరాకు ఆయుధ పూజ చేసే ఊరికి ఈ నియమం కొత్తది కాదు.