పాలు, హాలు: మన మోక పిల్లల మాట, మైసూరు చదువు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, తీరిగ్గా చదవండి.

ప్రతి ఏడూ పీయూసీ ఫలితాలు రాగానే మాకు వచ్చే ప్రశ్న ఒకటే. "పిల్ల సైన్సు చదివింది, మెడికల్ సీటు రాలేదు, ఇప్పుడేం చేయిద్దాం?" నర్సింగు, ఫార్మసీ, అగ్రికల్చర్ అని అందరం చెప్తాం. మాట, భాష, వినికిడి గురించి చదివే డిగ్రీ ఒకటుందని ఎవరమూ చెప్పం. మన సరిహద్దు ఊళ్ళకు ఆ చదువుతో ఉన్న అవసరం ఇంకెవరికీ అంత లేదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి. బళ్ళారి తాలూకా మీద తగువు తేలక జస్టిస్ మిశ్రా చేత విచారణ చేయించి, చివరికి మైసూరు రాష్ట్రంలో కలిపారు. ఆ తాలూకాతో పాటే మన మోక కూడా. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్ళారి, హోస్పేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇమ్మని సిఫారసు చేసింది. ఢిల్లీ ఒప్పుకోలేదు. ఆ గొడవను మళ్ళీ తవ్వడం మా ఉద్దేశం కాదు. మనకు ఇక్కడ కావలసింది దాని ఫలితం ఒక్కటే: ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అంతకు ముందు పెద్ద చదువంటే మద్రాసు వైపు చూసిన మన ఇళ్ళు ఆ తర్వాత ధార్వాడ, బెంగళూరు, మైసూరుల వైపు తిరిగాయి.

ఆ మైసూరులోనే 1960ల మధ్యలో కేంద్ర ఆరోగ్య శాఖ ఒక సంస్థ పెట్టింది. మొదట లోగోపెడిక్స్ అని నోరు తిరగని పేరు. తర్వాత అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అయింది. 1966లో దానికి పునాదిరాయి వేసింది రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. తెలుగు కుటుంబంలో పుట్టి, వయసులో ఉన్నప్పుడు మైసూరు విశ్వవిద్యాలయంలోనే తత్వశాస్త్రం చెప్పిన మనిషి. ఆ ఏడే అక్కడ ఎమ్మెస్సీ మొదలైంది, 1968లో బీఎస్సీ. ముందు పెద్ద డిగ్రీ, తర్వాత చిన్న డిగ్రీ! పిల్లలకు పాఠం చెప్పడానికి ముందు మాస్టర్లు తయారు కావాలి కదా. 1983లో బొంబాయిలో వినికిడి వికలాంగుల జాతీయ సంస్థ వచ్చింది. దానికి పెట్టిన పేరు అలీ యావర్ జంగ్‌ది. ఆయనా ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసిన హైదరాబాదు మనిషే. దాని శాఖ సికింద్రాబాదులో ఉంది. 1992 చట్టంతో పునరావాస మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది.

ఇప్పుడు ఈ డిగ్రీ మూడేళ్ళ చదువు, ఒక ఏడు ఇంటర్న్‌షిప్. చెవి, గొంతు నిర్మాణం, ధ్వని భౌతికశాస్త్రం, భాషాశాస్త్రం, మనస్తత్వశాస్త్రం అన్నీ చదవాలి. నత్తి, చెముడు, పక్షవాతం వచ్చాక పోయిన మాట, టీచర్లకు వచ్చే బొంగురు గొంతు, అన్నీ వీళ్ళ పనే. మైకులు లేని రోజుల్లో చివరి వరుస దాకా వినబడేట్టు పద్యాలు చదివిన ధర్మవరం వారి, బళ్ళారి రాఘవ గారి ఊరు మనది. గొంతు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా అనిపిస్తుంది. కానీ ఆ విద్య కళాకారుల దగ్గర ఉండిపోయింది, వైద్యానికి ఉపయోగపడలేదు.

ఇక అసలు సంగతి.

మన పిల్లవాడు ఒకడు "హాలు కావాలి" అన్నాడనుకోండి. తప్పు పలికాడా? కన్నడంలో పాలను హాలు అంటారు. పండు హణ్ణు, పులి హులి, పాము హావు, పల్లు హల్లు, పది హత్తు. పాత కన్నడంలో ఈ మాటలన్నిటికీ మొదట మనలాగే "ప" ఉండేది. సుమారు పదో శతాబ్దం నుంచి అది మెల్లగా "హ" అయింది. తెలుగులో "ప" అలాగే నిలిచింది. మోకలో పెరిగే పిల్లవాడు ఈ రెండిటి మధ్యా రోజుకు వందసార్లు అటూ ఇటూ దాటుతుంటాడు. ఒక్క తెలుగే తెలిసినవాళ్ళు పరీక్ష చేస్తే "ప" పలకలేని లోపం అని రాయొచ్చు. ఒక్క కన్నడమే తెలిసినవాళ్ళు "పాలు" అన్నందుకు తప్పు పట్టొచ్చు. రెండూ తెలిసినవాళ్ళకే నిజమైన లోపం ఏదో, మన ఊరి మాట ఏదో తెలుస్తుంది.

వినికిడి పరీక్షలోనూ అంతే. టోన్ వినిపించి చేసే పరీక్షకు భాష అక్కర్లేదు. కానీ మాటలు వినిపించి, తిరిగి చెప్పించే పరీక్ష ఒకటుంది. రెండక్షరాల మాటలను సద్దు తగ్గిస్తూ పోయి, సగం మాటలు సరిగా తిరిగి చెప్పగలిగిన స్థాయిని రాసుకుంటారు. ఆ మాటల పట్టీ బిడ్డకు రాని భాషలో ఉంటే, అర్థం కాక ఊరుకున్నది కూడా చెముడు లెక్కలోకి పోతుంది.

దీనికి తిరగేసి జరిగింది మన వాళ్ళ ఇంట్లో. వివరాలు చెప్పం, వాళ్ళ అనుమతితో ఇంతవరకే రాస్తున్నాం. రెండున్నరేళ్ళ పిల్లవాడికి మాటలు రాలేదు. "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే వచ్చినాయిలే" అన్నారు పెద్దలు. చూపించిన చోట "రెండు భాషలు కలిసి తికమక పడుతున్నాడు, ఇంట్లో తెలుగు మానేయండి" అన్నారు. అమ్మానాన్నలు కన్నడంలోకి మారారు. అవ్వకు తెలుగు తప్ప రాదు. మనవడి మంచికే కదా అని ఆమె వాడితో మాట్లాడటమే మానేసింది. ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చునేది. ఏడాది పోయాక ఎవరో చెప్తే వినికిడి పరీక్ష చేయించారు. రెండు చెవులా లోపం. తెలుగూ కన్నడమూ రెండూ వాడికి సరిగా వినబడనే లేదు.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆగిపోవు. ఈ విషయం ఆ శాస్త్రం చదివిన వాళ్ళు చాలాకాలంగా చెప్తున్నారు. వినికిడి లోపం మాత్రం ఆపుతుంది, పోయిన కాలం తిరిగి రాదు. బిడ్డ పుట్టిన నెలలోపు చెవులు చూడాలి, అనుమానం ఉంటే మూడో నెలకల్లా తేల్చుకోవాలి, ఆరో నెలకల్లా మిషనో చికిత్సో మొదలుకావాలి అనేది వాళ్ళ లెక్క. పసిబిడ్డ నిద్రలో ఉండగానే చేసే పరీక్షలున్నాయి, భాషతో పని లేదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ఇళ్ళలో పుట్టుచెముడు అవకాశం ఎక్కువ కాబట్టి ఇది ఇంకా ముఖ్యం. ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నాం.

ఆ పిల్లవాడు ఇప్పుడు మిషన్ పెట్టుకుని బడికి పోతున్నాడు. అవ్వ మళ్ళీ మాట్లాడుతోంది, కొంచెం గట్టిగా.

మన పిల్లలకు హాలూ పాలూ రెండూ పుట్టుకతో వచ్చినవే. మైసూరు క్లాసులో కూర్చునే బెంగళూరు పిల్లకూ, సికింద్రాబాదులో చదివే గుంటూరు పిల్లకూ అది పుస్తకంలో నేర్చుకోవలసిన సంగతి. మైసూరు మనకు దూరమే, ఒక రాత్రి ప్రయాణం. పీయూసీలో ఫిజిక్సు, కెమిస్ట్రీతో పాటు బయాలజీ గానీ లెక్కలు గానీ ఉన్న పిల్లలు అడ్మిషన్ ప్రకటనలు చూసుకోండి. దరఖాస్తుకు తోడు కావాలన్నా, ఫీజుకు చేయూత కావాలన్నా ఆదివారం సాయంత్రం సంఘం గదికి రండి. చిన్నబిడ్డలున్న ఇళ్ళవాళ్ళు కూడా రండి, బళ్ళారిలో పరీక్షకు తీసుకుపోవడానికి మేం తోడు వస్తాం.