పింఛను చేరింది, ఆసరా చేరలేదు: ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల సంరక్షణ

ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల గురించిన చర్చ పింఛను ఎంత అన్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. డబ్బు అవసరమే. కానీ మంచాన పడ్డ మనిషిని లేపి కూర్చోబెట్టేదెవరన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న. ఆ భారాన్ని ప్రభుత్వం ఇంటి ఆడవాళ్లకే వదిలేసిందని ఈ వ్యాసం వాదిస్తుంది.

2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవారు దేశంలో 8.6 శాతమైతే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 9.8 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు 1.7కు దిగింది. ఇందులో ప్రభుత్వం పాత్ర చిన్నది కాదు. అదే సర్వేలో 15–49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. 1980, 90 దశకాల్లో ఇద్దరు చాలన్న మాట విని, పాతికేళ్లలోపే ఆపరేషన్‌కు వెళ్లిన ఆడవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లవుతున్నారు. ఉన్న ఇద్దరు పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటున్నారు. ఈ ఆడవాళ్లకు ప్రభుత్వం బాకీ పడిందనే నా అభిప్రాయం.

ఆ బాకీలో కొంత తీరుతోంది. కేంద్రం వృద్ధాప్య పింఛను వాటా 80 ఏళ్లలోపు వారికి ఏళ్ల తరబడి రూ.200 దగ్గరే ఉండిపోగా, రాష్ట్రం 2024 జులై నుంచి నెలకు రూ.4,000 ఇస్తోంది. ఒకటో తారీఖున గ్రామ సచివాలయ ఉద్యోగి వేలిముద్ర యంత్రం పట్టుకుని గడపలోకే వస్తారు. నాట్లు వేసి, కలుపు తీసి అరిగిపోయిన ముసలామె వేలికి ముద్ర ఓ పట్టాన పడదు. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టాలి. పడ్డాక నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, పక్కింటికి వెళతారు. ఆమె బీపీ మాత్రలు వేసుకుంటోందా, రాత్రిళ్లు లేవగలుగుతోందా అని అడగడం ఆ ఉద్యోగి విధుల్లో లేదు.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టమూ డబ్బు, ఆస్తుల చుట్టూనే తిరుగుతుంది. ఆర్డీవో ట్రిబ్యునల్ ఇప్పించగల భరణం నెలకు రూ.10,000 మించదు. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూడనప్పుడు 23వ సెక్షన్ కింద వెనక్కి తీసుకోవచ్చు. మంచిదే, అయితే కన్నబిడ్డ మీద అర్జీ పెట్టడానికి ఎంతమంది తల్లులకు మనసొప్పుతుంది? రాసివ్వడానికి సెంటు భూమి కూడా లేనివారికి ఆ సెక్షన్‌తో పనే లేదు.

వృద్ధులు పెరుగుతున్నారంటూ 2024లో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లల్ని కనమన్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన ఎత్తేశారు. నిబంధన పోవడం న్యాయమే. కానీ ఇప్పుడు పుట్టే బిడ్డ ఉద్యోగంలో చేరేసరికి ఇరవై ఏళ్లు దాటుతుంది. నేటి అరవై అయిదేళ్ల స్త్రీకి అప్పటికి ఎనభై అయిదు. ఆలోగా ఆమెను చూసుకునేది, కూలి మానుకున్న కోడలో కూతురో.

ఇప్పటికే గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం అనే ఆరోగ్య కార్యకర్త ఉన్నారు. ఆమెకు తోడుగా, ఇంటికి వెళ్లి మంచాన పడ్డవారికి ఒళ్లు తుడిచి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పి, మందులు వేయగల శిక్షణ పొందిన సంరక్షకురాలిని ప్రతి సచివాలయంలో నియమించాలి. ఆశా కార్యకర్తల మాదిరి గౌరవ వేతనంతో సరిపెట్టకుండా ఆమెకు నెల జీతం ఇవ్వాలి.