దవడ కీలు: చేతివైద్యం నుంచి కత్తికి, మళ్ళీ చేతికి

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రి వైపు వెళ్తుంటే పళ్ళ డాక్టర్ల బోర్డులకు కొదవ ఉండదు. రూట్ కెనాల్, క్లిప్పులు, ఇంప్లాంట్ల సరసన ఇప్పుడు ‘టీఎంజే’ అనే మూడక్షరాలూ చేరాయి. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిస్తే కదిలే దవడ కీలు పేరే అది. ఆ కీలు పట్టేసినా, టక్కుమన్నా, నొప్పెట్టినా ఏం చేయాలన్న ప్రశ్న చాలా పాతది. దానికి వైద్యులు ఇచ్చిన జవాబులు మాత్రం ఎన్నోసార్లు మారాయి.

మొదటి జవాబు చేతులది. ఆవలిస్తే దవడ జారి నోరు తెరుచుకునే ఉండిపోయిన మనిషికి ఏం చేయాలో చరకసంహిత చెబుతుంది: ముందు కాపడం పెట్టాలి, బొటనవేళ్ళతో దవడను అదమాలి, చూపుడువేళ్ళతో గడ్డాన్ని పైకెత్తాలి. సుశ్రుతుడు కీలును సరిచేసి కట్టు కట్టమన్నాడు. దాదాపు 3,600 ఏళ్ళ నాటి ఈజిప్టు ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. ఇవాళ క్యాజువాలిటీలో డాక్టరు గ్లవుజులు తొడుక్కొని చేసే పనీ ఇంచుమించు ఇదే.

మత్తుమందు వచ్చాక కత్తికి ధైర్యం వచ్చింది. 1887లో ఎడిన్‌బరో సర్జన్ థామస్ ఆనండేల్, కీలు మధ్య పక్కకు జరిగిన మెత్తని డిస్కును తిరిగి చోటుకు తెచ్చి కుట్టిన సంగతి ప్రకటించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1888, 1889లలో, నిజాం ఖర్చుతో, క్లోరోఫాం అనే మత్తుమందుపై వైద్యుడు ఎడ్వర్డ్ లారీ నడిపిన కమిషన్లు హైదరాబాదు పేరును ప్రపంచ వైద్యపత్రికలకు ఎక్కించాయి. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న లారీ నిర్ధారణ తర్వాత నిలవలేదు. అయినా మత్తుమందు ప్రాణాపాయమా అని ఆ తరం సర్జన్లను వేధించిన ప్రశ్నకు మన ఊళ్ళో జవాబు వెతికారన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

1934లో అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ పదకొండు మంది రోగుల కథ రాశాడు. చెవిపోటు, చెవిలో హోరు, తల తిరగడం వారి బాధలు. దంతాలు ఊడి దవడ మరీ పైకి మూసుకోవడమే కారణమని ఆయన వాదం. ఆ వాదంలోని శరీరనిర్మాణం తప్పని తేలింది, కానీ దాని ప్రభావం మాత్రం దశాబ్దాలు పోలేదు. కీలు నొప్పికి పళ్ళు అరగదీయడం, క్యాపులు వేయడం, కాటు మార్చడం ఆనవాయితీ అయింది. అరిగిన పన్ను తిరిగి పెరగదు కదా! 1969లో అమెరికా దవడ సర్జన్ డేనియల్ లాస్కిన్, చాలామందిలో అసలు బాధ కండరాలదనీ, మానసిక ఒత్తిడికీ అందులో పాలుందనీ చెప్పాకే ఆలోచన మలుపు తిరిగింది.

అయినా కత్తి ఊరుకోలేదు. 1980లలో డిస్కు తీసేసి టెఫ్లాన్ పూత ఉన్న కృత్రిమ ముక్కలు అమర్చారు. అవి ముక్కలై చుట్టూ ఎముకను తినేశాయి. 1990–91లో అమెరికా మందులు, వైద్యపరికరాల నియంత్రణ సంస్థ వాటిని వెనక్కి తెప్పించింది. దవడ వైద్యచరిత్రలో ఇంతకంటే చేదు అధ్యాయం నాకు కనిపించదు. కోతకు బదులుగా, 1991లో నిట్జాన్, డోల్విక్, మార్టినెజ్ అనే వైద్యులు సూదులతో కీలును కడిగే పద్ధతిని ప్రకటించారు. చివరికి మొగ్గు మళ్ళీ చేతివైపు తిరిగింది: 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీర్ఘకాలిక దవడ నొప్పిపై మార్గదర్శకాలు వచ్చాయి. అవి గట్టిగా సమర్థించింది నిపుణుల పర్యవేక్షణలో దవడ వ్యాయామం, చేతితో చేసే చికిత్స, ఒత్తిడిని ఎదుర్కొనే శిక్షణ, ఇంటి దగ్గర జాగ్రత్తలను. డిస్కు తీసేసే ఆపరేషన్‌ను, కాటును శాశ్వతంగా మార్చే పరికరాలను గట్టిగానే వద్దన్నాయి. రాత్రి పళ్ళకు తొడుక్కునే నైట్ గార్డు విషయంలోనూ అవి ఉత్సాహం చూపలేదు.

వ్యాయామం అంటే పెద్ద తతంగం కాదు. నాలుక కొసను అంగిటికి ఆనించి, అది జారనంత మేరకే నోరు నెమ్మదిగా తెరిచి మూయడం అందులో ఒకటి. వేడి కాపడం, కొన్నాళ్ళు మెత్తటి తిండి, పగలు పళ్ళు బిగించే అలవాటు మానడం కూడా వైద్యమే.

అందరికీ ఇదే చాలదు. చిన్నప్పుడు గడ్డం మీద పడి, దెబ్బకు కీలు ఎముకగా అతుక్కుపోయిన పిల్లలకు ఆపరేషనే దారి. గుట్కా, వక్క నమిలేవాళ్ళకు బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోదు. అది కీలు జబ్బు కాదు, క్యాన్సర్‌కు దారితీయగల జబ్బు. మూడు వేళ్ళు నిలువుగా పెట్టేంత నోరు తెరుచుకోకపోతే ఆలస్యం చేయకండి. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో ఈఎస్‌ఐ కార్డు ఉన్నవాళ్ళు నాచారం ఈఎస్‌ఐ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. మిగతావాళ్ళకు, 1959లో ఉస్మానియా వైద్యకళాశాల దంతవిభాగంగా మొదలైన ప్రభుత్వ దంతవైద్య కళాశాల అఫ్జల్‌గంజ్‌లో ఉంది.

ఎక్కడికి వెళ్ళినా డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: ఈ చికిత్స నచ్చకపోతే నా పళ్ళు, నా కీలు మళ్ళీ మునుపటిలా ఉంటాయా? ‘ఉండవు’ అంటే, సంతకం పెట్టేముందు ఇంకో డాక్టరును కూడా కలవండి.