చేతి కాఫీ మిషను: మన జిల్లా ఇళ్లలో దాని చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి పంపమని కార్యవర్గం వారు అడిగారు. చరిత్ర అనగానే చంద్రగిరి కోట, మన బంగారుపాళ్యం జమీ, మొగిలి గుడి గుర్తుకు వస్తాయి. వాటి గురించి రాయగలిగిన పండితులు ఉన్నారు. నేను రాయదలచింది ఒకప్పుడు మన వంటిండ్లలో బల్లకో, గోడకో బిగించి ఉండిన ఒక ఇనుప వస్తువును గురించి. కొందరు కాఫీ మర అనేవారు, కొందరు కాఫీ మిషను అనేవారు. ఇప్పుడది చాలా ఇళ్లలో అటక మీద ఉంది, లేదా పాత ఇనుము కింద తూకానికి పోయింది. పూర్తిగా పోకముందే దాని సంగతి నాలుగు మాటలు రాసిపెట్టడం అవసరమని నా అభిప్రాయం.

గింజ వచ్చిన దారి

మొగలు చక్రవర్తి జహంగీరు కాలంలోనే ఈ దేశంలో కొందరు కాఫీ తాగేవారు. సర్ థామస్ రో వెంట వచ్చిన ఎడ్వర్డ్ టెర్రీ అనే మతగురువు ఆ సంగతి రాసి పెట్టాడు. మొక్క మాత్రం తరువాత వచ్చింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్ర నుంచి తిరిగి వస్తూ యెమెన్‌లోని మోకా రేవు నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలకు కూడా చంద్రగిరి అనే పేరుంది. అది మన చంద్రగిరి కాదని పిల్లలకు చెప్పాలి.

1820ల తరువాత ఇంగ్లీషు దొరలు మైసూరు సీమలోను, 1850ల నుంచి కొడగులోను పెద్ద తోటలు వేశారు. ఆ పంటలో ఎక్కువ భాగం ఓడలెక్కి యూరోపు పోయేది. 1869లో సింహళంలో ఆకుతుప్పు తెగులు కనబడి, కొన్నేళ్లలో అక్కడి కాఫీని తుడిచిపెట్టింది. అక్కడివారు తేయాకుకు మారిపోయారు. మన దక్షిణాది తోటలు దెబ్బతిన్నా నిలిచాయి.

మద్రాసు రాజధానిలో మధ్యతరగతి ఇళ్లలోకి కాఫీ 20వ శతాబ్దం మొదటి దశాబ్దాలలో బాగా ప్రవేశించింది. తమిళనాట అది గుమాస్తాలకు, ప్లీడర్లకు, అయ్యవార్లకు ఒక హోదా గుర్తుగా ఎలా మారిందో చరిత్రకారుడు ఎ. ఆర్. వేంకటాచలపతి 2006లో అచ్చయిన తన ఇంగ్లీషు పుస్తకంలో వివరించారు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. 1953 అక్టోబరు 1 దాకా మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాము. కాబట్టి మద్రాసు అలవాటు మన అలవాటు కావడంలో వింత లేదు. పైగా బంగారుపాళ్యం మద్రాసు–బెంగుళూరు రోడ్డు మీద ఉంది. మొగిలి ఘాటు ఎక్కే బండ్లు, దిగే బండ్లు మా ఊరి మీదుగానే పోవాలి. గింజలు పండే సీమకు, వాటిని తాగే పట్నానికి నడుమ కూర్చున్న ఊరు మాది.

ప్రభుత్వం కూడా కాఫీని మనచేత తాగించింది. 1930లలో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చి ధర పడిపోయింది. 1935లో కాఫీ సెస్సు చట్టం చేశారు. 1936లో బొంబాయిలో మొదటి ఇండియా కాఫీ హౌసు తెరిచారు. రెండవ ప్రపంచ యుద్ధంలో యూరోపు దారులు మూసుకుపోగా, 1942 చట్టం కింద కాఫీ బోర్డు స్థిరపడింది. రైతు పండించిన గింజ అంతా బోర్డు పూలులో చేరాలి, బోర్డే అమ్మాలి. ఈ పద్ధతి 1990లలో మెల్లగా సడలి 1996లో ముగిసింది. మన తరం తాగిన కాఫీలో ఎక్కువ భాగం ఆ పూలు కాఫీయే.

మిషను వచ్చిన దారి

చేతి మిషను పుట్టింది యూరోపులో. కారుల వలన మనకు తెలిసిన ఫ్రాన్సు దేశపు ప్యూజో వారు కారుల కంటే చాలా ముందు, 1840లోనే, కాఫీ మరలు చేశారు. జర్మనీలో చెక్కపెట్టె రకం వాడేవారు. దానిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని తిప్పాలి, పొడి కింది సొరుగులో పడుతుంది. మన వైపు ఎక్కువగా కనబడింది పోత ఇనుపది, బల్ల అంచుకు మరతో బిగించేది. లండనులోని స్పాంగ్ కంపెనీ మరలు మద్రాసు రాజధానిలో పేరు పొందాయి.

దాని పనితనం చాలా సులువు. పైన గింజలు పోసే గిన్నె. మధ్యలో ఇరుసు. ఇరుసు చివర పళ్లున్న ఇనుప గుండు, దాని ఎదుట పళ్లున్న ఇంకొక ఇనుప బిళ్ల. రెంటి సందులో గింజ నలుగుతుంది. ఆ సందును తగ్గించడానికి, పెంచడానికి ఒక మర ఉంటుంది. మన ఆడవాళ్లకు దీన్ని ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది. ఎందుకంటే ఇది వాళ్లకు తెలిసిన ఇసుర్రాయే. రాయి బదులు ఇనుము, రాగులకు బదులు కాఫీ గింజలు, అంతే తేడా.

ఈ పోలిక ఊరికే చెప్పడం లేదు. ఇసుర్రాయి మా ఊళ్లో ప్రతి ఇంట్లోను ఉండేది, ఎందుకంటే రాగిసంగటి అందరి తిండి. కాఫీ మిషను మాత్రం కరణం, మునసబు, అయ్యవారు, కొద్దిమంది పెద్ద రైతుల ఇళ్లలోనే. ఏ ఇంట్లో రెండు మరలు ఉన్నాయో, ఏ ఇంట్లో ఒకటే ఉందో చూస్తే ఆ ఇంటి ఆదాయం ఎంతో చెప్పవచ్చు. రెవెన్యూ రికార్డు చూడనక్కరలేదు.

ఇంట్లోనే పొడి ఎందుకు?

నేను పుట్టింది 1950లో. మా నాయన స్కూలు అయ్యవారు. జీతం వచ్చిన వారంలో పచ్చి గింజలు కొనేవారు. నా చిన్నతనంలో తూకం పలాల లెక్కే. పలం అంటే సుమారు 35 గ్రాములు, 40 పలాలు ఒక వీశె. కిలోల లెక్క 1962 నాటికి స్థిరపడినా, మా అవ్వ నోట చివరిదాకా పలమే ఉండేది. ఇంట్లో పొడి చేసుకోవడానికి మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది నిలవ. పచ్చి గింజ తడి తగలకుండా ఉంచితే నెలల తరబడి చెడదు. వేయించిన గింజ కొన్ని వారాలు నిలుస్తుంది. పొడి చేస్తే మాత్రం వాసన కొద్ది రోజులలోనే పోతుంది. వేయించినప్పుడు గింజలో పుట్టిన బొగ్గుపులుసు గాలి, సువాసన నూనెలు గింజ పగలగానే బయటికి వచ్చేస్తాయి. అందుకే ఏ పూటకు కావలసినది ఆ పూట తిప్పేవారు.

రెండవది నమ్మకం. అంగడి పొడిలో చింతగింజల పొడి, ఖర్జూరపు గింజల పొడి కలుపుతారనే భయం ఉండేది. చికోరీ సంగతి వేరు. అది ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు. అందులో కెఫీన్ లేదు గాని డికాక్షనుకు చిక్కదనం, నలుపు ఇస్తుంది. నెపోలియన్ కాలంలో, 1806 తరువాత, ఓడల రాకపోకలు ఆగి కాఫీ దొరకక యూరోపు జనం దీన్ని బాగా మరిగారు. చెప్పి కలిపితే తప్పులేదు. మన చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, పొట్లం మీద పాళ్లు అచ్చు వేయాలి. ఇంట్లో పరీక్ష కూడా సులువే. గ్లాసు చన్నీళ్ల మీద చిటికెడు పొడి చల్లండి. కాఫీ కాసేపు తేలుతుంది. చికోరీ వెంటనే రంగు చారలు వదులుతూ మునుగుతుంది.

మూడవది పాకం. ఫిల్టరుకు పొడి మరీ మెత్తగా ఉంటే చిల్లులు మూసుకుని డికాక్షను దిగదు. మరీ బరకగా ఉంటే నీళ్లు గబగబా దిగి పలచగా వస్తుంది. ఆ మధ్య పాకం ఏ ఇంటి ఫిల్టరుకు ఆ ఇంటిదే. మిషను మర ఎంత బిగించాలో ఇంటి ఇల్లాలి వేళ్లకు తెలుసు.

చిత్తూరు జిల్లా బెల్లానికి పేరు కాబట్టి చక్కెర కరువైన రోజుల్లో బెల్లం కాఫీ కూడా తాగేవాళ్లం. మరిగే పాలలో బెల్లం వేస్తే విరిగే ప్రమాదం ఉంది. అందుకని బెల్లాన్ని డికాక్షనులో కరిగించి, కాస్త ఆరనిచ్చి పాలు పోసేవారు.

తిప్పిన చేతులు ఎవరివి?

ఇక అసలు విషయానికి వస్తాను. కాఫీ గురించి మనం చెప్పుకునే కబుర్లన్నీ తాగినవాళ్ల కబుర్లు. తిప్పినవాళ్ల మాట ఎక్కడా లేదు. మా ఇంట్లో తెల్లవారుజామున మొదట వినబడేది మిషను చప్పుడు. ఎనిమిది మంది ఉన్న ఇంటికి పూటకు ఒక పలం గింజ తక్కువ కాదు. అంత గింజ తిప్పేసరికి భుజం లాగేస్తుంది. దానికి ముందు కుంపటి రాజేయాలి, ఫిల్టరు కడగాలి, పాలు పితకాలి. వారానికొకసారి మూకుడులో గింజలు వేయించడం వేరే పని. రవ్వంత ఏమరినా మాడిపోతాయి. ఆ పొగకు మా అమ్మ కళ్లు ఎర్రగా అయ్యేవి.

మొదటి డికాక్షను నాయనకు, ఇంటికి వచ్చిన పెద్దమనుషులకు. రెండవ డికాక్షను పిల్లలకు. అదే పొడిలో మూడవసారి నీళ్లు పోసి దించినది అమ్మకు, అవ్వకు. గింజ వేయించి, పొడి తిప్పిన మనిషి గ్లాసులో వాసన కూడా మిగలని నీళ్లు. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. నా సర్వీసులో కలిసి పనిచేసిన ఎందరో తమ ఇళ్లలోనూ ఇంతేనని చెప్పారు.

ఇంకొక సంగతి కూడా దాచకూడదు. ఆ రోజుల్లో కాఫీ హోటళ్లలో కులాన్ని బట్టి కూర్చునే చోటు వేరు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం హోటళ్లలో, అంగళ్లలో దాన్ని నేరం చేసింది. అయినా పల్లెల్లో రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం పోలేదు. ఇంటికి కూలికి వచ్చినవారి గ్లాసు చూరులో చెక్కి ఉండేది. వాళ్లే దించుకుని, వాళ్లే కడిగి, మళ్లీ అక్కడే పెట్టాలి. కాఫీ చరిత్ర రాసేటప్పుడు డబరా గ్లాసు గురించి రాసి, చూరులో గ్లాసును వదిలేస్తే అది చరిత్ర కాదు.

మిషను వెనుకబడిన విధం

1960ల చివర ఇన్‌స్టంట్ కాఫీ పొడులు మన అంగళ్లలో కనబడసాగాయి. 1963లో బొంబాయిలో మొదలైన సుమీత్ మిక్సీ, దాని వెనుక వచ్చిన ఇతర మిక్సీలు 1980ల నాటికి ఉద్యోగస్తుల ఇళ్లకు చేరాయి. పట్నాలలో కరెంటు మరతో కళ్ల ఎదుటే పొడి పట్టి ఇచ్చే అంగళ్లు వచ్చాయి. సేలంలో 1926లో మొదలైన నరసూస్, బెంగుళూరులో 1949లో మొదలైన కోతాస్ వంటి పొడులు పొట్లాలలో వచ్చాయి. ఇల్లాలు కూడా ఉద్యోగానికి పోవలసిన ఇళ్లలో తెల్లవారుజామున మిషను తిప్పే తీరిక ఎవరికుంది?

మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది, నలపదు. అందుకే కొంత పిండి, కొంత బరక వస్తుంది, వేడికి వాసన కూడా కొంత పోతుంది. రుచిలో మిషను గొప్పదే. అయినా అది మూలపడినందుకు నాకు విచారం లేదు. మా అమ్మ భుజానికి విశ్రాంతి దొరికింది. మా ఇంట్లో మిక్సీ వచ్చిన తరువాతనే ఆమె మొదటి డికాక్షను కాఫీ తాగడం నేను చూశాను. పొడి సులువుగా దొరికేసరికి అదే పొడిలో మూడవసారి నీళ్లు పోయవలసిన అవసరం పోయింది.

నేటి స్థితి

కాఫీ ఇప్పుడు మన రాష్ట్రపు పంట కూడా. అరకు ఏజెన్సీలో గిరిజన రైతులు పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో భాగంగా ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరిన వరదయ్యపాళెం మండలంలో ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. బ్రెజిలు, వియత్నాంలలో వానలు లేక 2024, 2025 సంవత్సరాలలో ప్రపంచ ధరలు బాగా పెరిగాయి. పెన్షను మీద బతికేవారికి ఆ పెరుగుదల పొట్లం కొనేటప్పుడే తెలిసింది.

విచిత్రమేమంటే బెంగుళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేసే మన మనుమలు ఇప్పుడు వేల రూపాయలు పోసి చేతి కాఫీ మిషన్లు కొంటున్నారు. మగపిల్లలు తామే తిప్పుకుంటున్నారు. అది చూసి నాకు సంతోషం కలిగింది. తాగేవాడు తిప్పుకుంటే ఆ మిషనుకు ఏ దోషమూ లేదు.

మీ అటక మీద పాతది ఉంటే తూకానికి వేయకండి. నీళ్లతో కడిగితే తుప్పు పడుతుంది కాబట్టి పొడి బ్రష్షుతో తుడిచి, గుప్పెడు బియ్యం వేసి తిప్పి, ఆ పిండి పారబోయండి. రెండు మూడుసార్లు చేస్తే పాత జిడ్డు పోతుంది. బి.పి., నిద్రలేమి ఉన్నవారు ఎన్ని కప్పులు తాగవచ్చో డాక్టరు గారిని అడగండి.

చివరగా ఒక మనవి. ఈ వ్యాసం రాసినవాడు మగవాడు, గుమాస్తా. మిషను చరిత్ర నా కంటే బాగా తెలిసినవారు మన సంఘంలోని అక్కచెల్లెళ్లు. ముఖ్యంగా ఎనభై దాటిన తల్లులు. వారు చెబితే కొడుకులో కోడళ్లో రాసి పంపండి. ఏ ఊరు, ఏ ఏడు, రోజుకు ఎన్ని పలాలు తిప్పారు, తమకు ఎన్నో డికాక్షను దక్కింది అన్న నాలుగు వివరాలు చాలు. వచ్చే సంచికలో వాటిని అచ్చు వేయమని కార్యవర్గం వారిని కోరుతున్నాను.



ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా